ఇందు నొప్పి

సూక్ష్మదర్శిని మీద వంగి పనిచేసుకుంటున్న హైమవతి కుడిచెయ్యి ఉన్నట్టుండి వెనక్కి లాక్కుంది. ఆమె లాక్కోలేదు, చెయ్యే లాక్కుంది. మోచెయ్యి తగిలి పక్కనున్న గాజుపలకల ట్రే నేల మీద పడి ముక్కలైంది. అరచేతిలో నిప్పుకణిక పెట్టినంత మంట. తిప్పి చూసుకుంటే బొబ్బ లేదు, కమిలిన మచ్చ కూడా లేదు.

ఎడమచేత్తో ఫోను అందుకుంది.

"బావా, కుడి అరచెయ్యి! కాలుతోంది. ఇంకా అక్కడే పెట్టి ఉంచింది, తియ్యట్లేదు. తొందరగా చూడు!"

అవతల కుర్చీ పడిన చప్పుడు, "ఇందూ!" అని శశిధర్ కేక, చెప్పుల్లేని కాళ్ళ పరుగు వినిపించాయి. అంతసేపూ హైమ పళ్ళు బిగబట్టి, బల్ల అంచు పట్టుకుని నిలబడింది. కాసేపటికి మంట తగ్గి సలుపులోకి దిగింది.

"పెనం," అన్నాడు శశిధర్ రొప్పుతూ. "దోసెలయ్యాక స్టవ్ కట్టేశాను, పెనం ఇంకా చల్లారలేదు. దాని మీద చెయ్యి ఆనించి కిటికీలోంచి ఉడతని చూస్తోంది. నవ్వుతోంది హైమా."

"కుళాయి కింద పెట్టు. నీళ్ళు పారుతూ ఉండాలి. నేను చెప్పేదాకా తియ్యకు."

ఆ ఇంట్లో ఇలాంటి మాటలకి అందరూ అలవాటు పడిపోయారు. కూతురి చెయ్యి ఎంత చల్లబడిందో చెప్పగలిగింది ఊరికి అటు చివర పరిశోధనాలయంలో నిలబడ్డ తల్లి ఒక్కతే.

ఇందుకి ఆరేళ్ళు. పుట్టినప్పటి నుంచీ నొప్పి అంటే తెలీదు. పళ్ళొచ్చే వయసులో నాలుక కొరుక్కుని, నోరంతా నెత్తురు చేసుకుని నవ్వింది. మూడో ఏట కుడిమడమ దగ్గర ఎముక చిట్లితే, వాపు చూసి వీళ్ళు తెలుసుకునేలోగా అది వంకరగా అతుక్కుపోయింది. ముట్టుకుంటే తెలుస్తుంది, వేడికీ చలికీ తేడా తెలుస్తుంది, కితకితలు పెడితే పొర్లి పొర్లి నవ్వుతుంది. నొప్పిని మోసే సన్నటి నరాలు మాత్రం పుట్టుమూగవి. వాటి కొసల్లో సోడియం లోపలికి రావలసిన ద్వారాలు తెరుచుకోవు. అవి తెరుచుకోకపోతే కబురు బయలుదేరదు. బయలుదేరని కబురు వెన్నుపాముకీ చేరదు, మెదడుకీ చేరదు. వాసన పట్టే నరాల్లోనూ అవే ద్వారాలు కాబట్టి ఆ పిల్లకి మల్లెపూలూ తెలీవు, గ్యాసు లీకైనా తెలీదు.

హైమ తండ్రీ శశిధర్ తల్లీ అన్నాచెల్లెళ్ళు. ఒకే తాతగారి నుంచి పాడైన జన్యువు ఒకటి ఇద్దరికీ వచ్చింది. ఒక్కొక్కటిగా ఉన్నప్పుడు ఎవరికీ ఏ కీడూ చెయ్యలేదు. రెండూ కలిసి ఇందుని చేరాయి. రక్తపరీక్ష ఫలితం విన్న రోజు శశిధర్ తల్లి, "ఈ పెళ్ళి చేసుకోండర్రా అని మీ ఇద్దరి వెనకా పడింది నేనే కదే," అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత మేనరికం మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. శశిధర్ స్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుడి ఉద్యోగం మానేసి పిల్లతో ఉండిపోయాడు. స్నానం చేయించేటప్పుడు తల నుంచి పాదాల దాకా తడిమి, ఎక్కడ కమిలిందో, ఎక్కడ వాచిందో వెతికేవాడు.

హైమ పనిచేసేది విశాఖపట్నంలోని నాడీశాస్త్ర పరిశోధనాలయంలో. దాని పెద్ద పరాంకుశం గారు. ఆయనా హైమా కలిసి ఏళ్ళ తరబడి శ్రమపడి ఒక పొర తయారుచేశారు. ఉల్లిపొర కన్నా పల్చన. ఒంట్లోంచి వచ్చే నరాలు వెన్నుపాములోకి దిగే చోట వాటి వేళ్ళకి దాన్ని అంటిస్తారు. స్పర్శనీ ఒత్తిడినీ వేడినీ మోసే మంచి నరాల్లో నడిచే విద్యుత్తుని అది వింటూ ఉంటుంది. ఈ ఒత్తిడికి ఎముక విరుగుతుందా, ఈ వేడికి చర్మం ఉడుకుతుందా, లోపల పేగు ఏదైనా అలవికి మించి సాగుతోందా అని లెక్క కట్టి, నరాలు పంపలేని నొప్పి కబుర్ని తానే తయారుచేస్తుంది. దాన్ని ఆ పిల్ల వెన్నుపాములోకే పంపాలన్నది అసలు ఉద్దేశం.

అన్ని అనుమతులూ వచ్చాక, ఆపరేషన్ దగ్గర పడ్డాక హైమ మాట మార్చింది.

"నొప్పి ఎరగని మెదడు సార్ అది. ఒక్కసారిగా వెళ్ళి పడితే ఎలా తీసుకుంటుందో మీకూ తెలీదు, నాకూ తెలీదు. ముందు నాకు పంపండి. లెక్కలు సరిగ్గా ఉన్నాయో లేదో నా ఒంటి మీద తేలనివ్వండి."

"ఎన్నాళ్ళు?" అన్నారు పరాంకుశం గారు.

"కొన్నాళ్ళే."

కూతురి వెన్నులో ఒక పొర, తల్లి వెన్నులో ఒక పొర, మధ్య ఫోన్ల మీదుగా కబురు. హైమ చెప్పిన కొన్నాళ్ళు ఏడాది దాటాయి.

ఆ ఏడాదిలో ఇందు ఒంటి మీద కొత్త మచ్చలు బాగా తగ్గాయి. వేలికి చీము పట్టినా, చెప్పులో మేకు దిగినా హైమకి తెలిసిపోయేది. ఆమె కళ్ళ కింద మాత్రం నల్లటి చారలు దిగాయి. బస్సులో ఉండగా మోకాలు భగ్గుమనేది, మీటింగులో మాట్లాడుతుండగా మాట ఆగిపోయేది. ఏ క్షణాన ఏం వచ్చి పడుతుందో అని ఒళ్ళంతా బిగబట్టుకుని బతకడం అలవాటైంది.

పెనం సంగతి జరిగిన రోజున పరాంకుశం గారు పగిలిన గాజుముక్కలు చీపురుతో తనే ఊడ్చి, ఆమె ఎదుట కూర్చున్నారు.

"నిప్పు తగిలితే చెయ్యి లాగేది మెదడు కాదు, వెన్నుపాము. సంగతి మెదడుకి తెలిసేలోపే పని అయిపోతుంది. నీ వెన్నుపాము తన పని తను చేసింది. కానీ అమ్మా, అది ఎవరి చెయ్యి కాపాడింది? చల్లగా ఉన్న చెయ్యి. కాలే చెయ్యి పెనం మీదే ఉండిపోయింది."

"ఫోను చేశాను కదా సార్."

"ఇవాళ చేశావు."

హైమ కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, రెండో చేత్తో దాన్ని కప్పి కూర్చుంది.

అసలు భయం వారం తిరక్కుండా మొదలైంది. పెదవాల్తేరులో వాళ్ళ అపార్ట్‌మెంట్ కింద పిల్లల ఉయ్యాల ఉంది. దాని గొలుసు ఒకటి తెగేలా ఉందని శశిధర్ ఆ సాయంత్రం ఇందుని కిందికి వెళ్ళనివ్వలేదు. పిల్ల కాళ్ళు నేలకేసి కొట్టింది, అరిచింది. హైమ అప్పుడే ఇంటికొచ్చి చెప్పులు విప్పుతోంది.

"నాన్న వద్దన్నారు కదా, రేపు బాగుచేయిస్తారు," అంది.

ఇందు తల్లి వంక ఒక్క క్షణం చూసింది. చూపుడు వేలు నోట్లో పెట్టుకుని గట్టిగా కొరికింది.

హైమ గోడకి జారిపోయి కూర్చుంది. గొంతులోంచి తనకే తెలీని అరుపు వచ్చింది. శశిధర్ పరిగెత్తుకొచ్చి పిల్ల దవడలు పట్టుకుని వేలు బయటికి తీశాడు. వేలి మీద పళ్ళ గాట్లు ఎర్రగా దిగాయి. ఇందు ముఖంలో కోపం లేదు. జాగ్రత్తగా, పరీక్షగా తల్లిని చూస్తోంది.

"ఇప్పుడు కిందికి వెళ్ళొచ్చా?" అంది.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కొట్టి చెబుదామంటే ఆ దెబ్బ తగిలేది హైమకే. శశిధర్ పిల్లని ఎత్తుకుని వరండాలోకి తీసుకెళ్ళాడు. "అమ్మకి నొప్పి పెట్టకూడదురా," అన్న మాట వినిపించింది. "నొప్పి అంటే అమ్మ కింద పడిపోవడమా?" అని ఇందు అడగడమూ వినిపించింది. దానికి అతను ఏం చెప్పాడో హైమకి వినబడలేదు.

ఆ తర్వాత హైమ ఒంట్లో ఏదో మారింది. మొదట చీర అంచు పాదానికి తగిలితే చురుక్కుమంది. తర్వాత దువ్వెన తలకి తగిలితే మంట. ఫ్యాన్ గాలి కూడా ఒక్కోసారి జిల్లేడు పాలు పడ్డట్టు ఉండేది. పరాంకుశం గారు పరీక్ష చేసి పెదవి విరిచారు.

"తలుపు అదేపనిగా కొడుతుంటే వాకిట్లో కూర్చున్న కాపలావాడు ఏం చేస్తాడు? ఆకు కదిలినా లేచి అరుస్తాడు. నీ వెన్నుపాములో నాడీకణాలు అలాగే తయారయ్యాయి. చిన్న కబురునీ పెద్దది చేసి మెదడుకి పంపుతున్నాయి. కబురు లేకపోయినా పంపుతున్నాయి. ఇది ముదిరితే పొర తీసేసినా పోదు."

"అంటే నాకొచ్చే నొప్పుల్లో ఏది ఇందుదో, ఏది కాదో..."

"నీకు తెలీదు. ఇకమీద తెలీదు. పొర ఎంత పంపుతోందో ఇక్కడి తెర మీద చూడగలం గానీ నువ్వు ఇరవైనాలుగు గంటలూ తెర ముందు కూర్చోలేవు కదా. ఆపేద్దాం హైమా."

"ఆపేస్తే దానికెవరు?" అంది హైమ. "దాని వెన్నులోకి మాత్రం వద్దు సార్. ఇదేమిటో నాకు తెలుసు. తెలిసి తెలిసి ఆ పిల్లకి ఎలా ఇస్తాను?"

తర్వాతి రోజుల్లో ఆమె ఫోను ఆగకుండా మోగించింది. "బావా, వీపు చూడు." ఏమీ ఉండేది కాదు. "ఎడమ మోచెయ్యి చూడు." ఏమీ ఉండేది కాదు. శశిధర్ ఆడుకుంటున్న పిల్లని పట్టుకొచ్చి గౌను విప్పి వెతికేవాడు. ఇందు విసుక్కునేది. ఒకరోజు అతను ఫోన్లోనే అన్నాడు, "హైమా, ఇవాళ పొద్దుట్నుంచీ ఇది ఎన్నోసారో నాకే గుర్తులేదు. పిల్ల భయపడుతోంది. నేనూ భయపడుతున్నాను." ఆ గొంతులో అలసట విని హైమకి సిగ్గేసింది.

అందుకే ఆ బుధవారం మధ్యాహ్నం కడుపులో, బొడ్డు చుట్టూ ఏదో మెలితిప్పినప్పుడు ఆమె ఫోను తియ్యలేదు. ఇదీ అలాంటిదే అనుకుంది. మజ్జిగ తాగింది. నొప్పి కుడివైపుకి జరిగింది. కుర్చీలో ముందుకి వంగి, కడుపు మీద చెయ్యి పెట్టుకుని, ఊపిరి లెక్కపెట్టుకుంటూ పని చేసింది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఇందు చాపమీద దొర్లుతూ ఏనుగు బొమ్మకి రంగులేస్తోంది. బుగ్గలు గులాబీరంగులో ఉన్నాయి. అన్నం వద్దంది. ఎండలో ఆడిందేమో అన్నాడు శశిధర్. హైమ పిల్ల పొట్ట మీద చెయ్యి వేసి చూసింది. "చక్కిలిగిలి!" అని నవ్వింది ఇందు. ఆ నవ్వు చూసి హైమ చెయ్యి తీసేసింది.

పొద్దున్నకి హైమ కడుపులో నొప్పి ఒక్కసారిగా తగ్గిపోయింది. తేలిగ్గా లేచి కాఫీ పెట్టుకుంది. ఇందుని లేపడానికి వెళ్తే ఒళ్ళు పెనంలా ఉంది, పెదాలు ఎండిపోయి ఉన్నాయి, పిలిస్తే కళ్ళు తెరవడం లేదు.

ఉండుకం, అదే అపెండిక్స్, పగిలిపోయిందన్నారు ఆస్పత్రిలో. పగిలిన క్షణంలో లోపలి ఒత్తిడి పోతుంది కనుక నొప్పి తగ్గినట్టు ఉంటుంది. హైమకి తేలిగ్గా అనిపించింది ఆ క్షణమే. నిన్న మధ్యాహ్నమే తీసుకొచ్చి ఉంటే చిన్న ఆపరేషన్‌తో పోయేదని డాక్టరు అన్నాడు. "పిల్ల కడుపునొప్పి అనలేదా?" అని అడిగాడు. శశిధర్ తల అడ్డంగా ఊపాడు. హైమ గోడవైపు తిరిగింది.

చీము కడుపంతా పాకింది. రెండుసార్లు కోసి కడిగారు. లోపల ఇందు మత్తులో ఉంటే బయట బెంచీ మీద హైమ కడుపు పట్టుకుని వంగిపోయింది. కత్తి పడ్డ ప్రతిచోటా ఆమెకి తెలుస్తోంది. ఫోను ఆపెయ్యమని శశిధర్ బతిమాలాడు. ఆమె ఆపలేదు. ఇదొక్కటైనా తను పూర్తిగా పడాలనుకుంది. అతను ఆమె చేతిలోంచి ఫోను లాక్కుని ఆపేశాడు.

"నాకు తెలిసింది బావా," అంది హైమ కొంతసేపటికి. "నిన్నంతా తెలుస్తూనే ఉంది. నాదే అనుకున్నాను."

శశిధర్ అరవలేదు. అరిస్తే బాగుండునని ఆమెకి అనిపించింది.

"నిన్ను తిట్టను," అన్నాడు. "నేను దాని పక్కనే ఉన్నాను. కళ్ళెదురుగానే ఉన్నా నాకేం తెలిసింది? కానీ ఒక్కటి చెప్తాను, విను. దాని నొప్పి దానిది. నువ్వు తీసేసుకున్నావు. ప్రేమ కొద్దీ తీసుకున్నావు, కాదనను. మనం పోయాక ఎవరు తీసుకుంటారు? రేపు అది స్కూలుకి పోదా, ఉద్యోగానికి పోదా, పిల్లల్ని కనదా?"

"తట్టుకోలేకపోతే?"

"ఇవాళ ఏం తట్టుకుంది?" అన్నాడు శశిధర్, మూసి ఉన్న తలుపు చూపించి.

ఇందు బతికింది. ఇంటికి రావడానికీ కోలుకోవడానికీ చాలా రోజులు పట్టింది. కడుపు మీద కుట్లు మాని మచ్చ తెల్లబడేదాకా ఆగి, ఆ తర్వాత కబురుని ఇందు వెన్నులోకే పంపుదామన్నారు పరాంకుశం గారు. ఆగినంత కాలం ఇందు నొప్పి మళ్ళీ హైమకే వచ్చింది, ఆమెకి అన్నం సహించలేదు. పొర కొలతని మళ్ళీ మళ్ళీ తగ్గించి రాసింది. ఏ మెదడైనా మొదటి సంవత్సరాల్లో నేర్చుకునేది ఆరేళ్ళకి నేర్పబోతున్నారు. నేర్చుకోలేక అది మంటలా ఒళ్ళంతా అంటుకుని ఆరకపోతే? పిల్ల నిద్రపోవడం మానేస్తే? "ఆపెయ్యొచ్చు కదా, మన చేతుల్లోనే ఉంది," అన్నారు పరాంకుశం గారు. "పొర ఆపొచ్చు సార్," అంది హైమ, తన ముంజేతి మీద చీర కొంగు ఆనకుండా ఎత్తి పట్టుకుని. "ఇది ఆగుతుందా?"

ఆ భయం నిజమేనని ఆయన ఒప్పుకున్నారు.

అనుకున్న రోజున పరిశోధనాలయంలోని చిన్నగదిలో ఇందు ఎత్తు బల్ల మీద కూర్చుంది. శశిధర్ పక్కనే నిలబడి వీపు చుట్టూ చెయ్యి వేశాడు. పరాంకుశం గారు ముందు హైమ వెన్నులోని పొరని ఆపారు. ఆపగానే ఆమె ఉలిక్కిపడింది. కుడిమడమలో సన్నగా పోటుగా ఉండేది ఏదో మాయమైంది. ఏడాదిగా ఉన్నది, తన వయసుతో పాటు వచ్చిందనుకుని మర్చిపోయినది.

"సార్, ఒక్క నిమిషం. మడమ..." అనేలోపు ఆయన ఇందు పొరని పావువంతు తెరిచారు.

ఇందు వేళ్ళాడుతున్న కాళ్ళు ఊపడం ఆపింది. కుడికాలి వంక చూసుకుంది.

"నాన్నా, కాల్లో ఎవరో పిలుస్తున్నారు."

"ఎవరమ్మా?"

"తెలీదు. పిలుస్తూనే ఉన్నారు. ఆగట్లేదు."

బల్ల దిగబోయింది. కుడిపాదం నేలకి ఆనగానే ముఖమంతా ముడుచుకుపోయింది. కాలు పైకి లాక్కుంది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ పట్టుకుని లాగలేదు. ఆ కాలు దానంతటదే లేచింది. పరాంకుశం గారు అది చూసి కుర్చీలోంచి సగం లేచారు. హైమకి అదేమీ కనపడలేదు. కూతురి నోరు తెరుచుకోవడం, ముందు శబ్దం రాకపోవడం, తర్వాత ఆరేళ్ళలో ఎన్నడూ వినని ఏడుపు రావడం మాత్రమే ఆమెకి తెలుసు.

"తీసెయ్యండి! నాకొద్దు! తీసెయ్యండి!"

శశిధర్ పిల్లని గుండెకి అదుముకున్నాడు. అతని భుజం మీంచి ఇందు తల్లి వైపు చేతులు చాచింది.

"అమ్మా, నువ్వు తీసుకో. ఎప్పుడూ నువ్వే కదా తీసుకుంటావు. తీసుకో అమ్మా!"

హైమ చెయ్యి యంత్రం మీదికి వెళ్ళింది. ఒక్క మీట. పరాంకుశం గారు అడ్డం రాలేదు. శశిధర్ కళ్ళతోనే వద్దన్నాడు, ఆ కళ్ళల్లోంచీ నీళ్ళు కారుతున్నాయి. హైమ కొలత ఇంకొంచెం తగ్గించింది. ఆపలేదు. గదిలోంచి బయటికి నడిచి, నడవాలో గోడకి నుదురు ఆనించి, కూతురి ఏడుపు ఆగేదాకా నిలబడింది.

తర్వాతి రోజులు ఆ ఇంట్లో ఎవరికీ బాగా గడవలేదు. ఇందు ప్రతిదానికీ భయపడింది. తలుపు చప్పుడైనా వేళ్ళు వెనక దాచుకునేది. అన్నం వేడిగా ఉందేమోనని ముట్టేది కాదు. ఎప్పుడూ తండ్రి చంకలోనే ఉండేది, తల్లి దగ్గరికొస్తే ముఖం తిప్పుకునేది. "అమ్మ ఇచ్చేసింది," అని నానమ్మతో ఫోన్లో చెప్పింది. కుడికాలు ఈడ్చి కుంటడం మొదలుపెట్టింది. ఆ కుంటు చూసి హైమ ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన ఎక్స్‌రే ఫోటోలు చూసి, "ఇన్నేళ్ళూ ఈ వంకర మడమ మీద పూర్తి బరువు వేసి పరిగెత్తింది. ఇంకో రెండేళ్ళు అలాగే పోయుంటే కీలు అరిగిపోయేది. కుంటనివ్వండి. కుంటితేనే కీలు దక్కుతుంది," అన్నాడు. వంకర సరిచేయడానికి పెద్దయ్యాక ఒక ఆపరేషన్ అన్నాడు.

హైమ ఒంట్లో మంటలు నెమ్మదిగా పలచబడ్డాయి. పూర్తిగా పోలేదు. కొన్ని పొద్దుల్లో దువ్వెన ఇంకా ముట్టుకోలేకపోయేది. అంతకన్నా కష్టమైంది వేరే ఉంది. పనిలో కూర్చుంటే ఒళ్ళంతా ఖాళీగా అనిపించేది. ఎక్కడా ఏమీ పిలవదు. పిల్ల ఎలా ఉందో తెలీదు. ఊరికే ఫోను తీసి, "ఏం చేస్తోంది?" అని అడిగేది. "ఆడుకుంటోంది," అనేవాడు శశిధర్. ఆ మాట నమ్మి ఊరుకోవడం ఆమె కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది.

వర్షాలు మొదలయ్యాక ఒక ఆదివారం ఉదయం ముగ్గురూ కూరగాయలకి బయలుదేరారు. ఏటవాలు రోడ్డు తడిగా ఉంది. శశిధర్ సంచి మర్చిపోయానని వెనక్కి వెళ్ళాడు. ఇందు నాలుగడుగులు ముందు నడుస్తోంది, కుంటుతూనే, కానీ తొందరగా. కాలు జారింది. మోకాలి మీద పడింది.

హైమ తన మోకాలు పట్టుకుంది. ఏమీ లేదు. అక్కడ ఏమీ లేదు.

ఇందు ఏడుస్తోంది. రెండు చేతులతో మోకాలు పట్టుకుని, దాన్ని ఒంటికి దగ్గరగా లాక్కుని ఏడుస్తోంది. హైమ పరిగెత్తి తడి రోడ్డు మీదే పక్కన కూర్చుంది. చర్మం గీసుకుపోయి ఎర్రగా ఉంది. అది చిన్న దెబ్బో పెద్ద దెబ్బో, ఎముక దాకా ఉందో పైపైనో ఆమెకి అర్థం కాలేదు. ఏడాదంతా అడగకుండానే తెలిసిన మనిషికి ఇప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు.

"చాలా నొప్పిగా ఉందా అమ్మా?"

ఇందు ఏడుపు మధ్యలో ఆగి తల్లిని వింతగా చూసింది.

"నీకు తెలీట్లేదా?"

"తెలీట్లేదు. నువ్వు చెబితేనే నాకు తెలుస్తుంది."

పిల్ల ఆలోచించింది. ముక్కు ఎగపీల్చింది. మోకాలి వంక వంగి చూసుకుని, చాలా రోజుల తర్వాత జరిగి వచ్చి తల్లి ఒళ్ళో తల పెట్టింది.

"పడినప్పుడు చాలా. ఇప్పుడు కొంచెం తక్కువ. అంచుల దగ్గర ఎక్కువ, మధ్యలో తక్కువ," అని, కాలు తల్లి ముఖం దగ్గరికి ఎత్తింది. "ఇక్కడ ఊదు. గట్టిగా వద్దు."

హైమ వంగి మెల్లగా ఊదింది.